నాచు ముఖం పైకి

గొర్రెల దీవి
1920 జూలై 2, శుక్రవారం

అక్కా సబీనా,

నేను బతికే ఉన్నాను. అంతకంటే గొప్ప సంగతి ఏమిటంటే, నేనిప్పుడు ఐర్లండ్ రిపబ్లిక్ ఖైదీని. మన కిల్‌బ్రాక్‌లో ఇంగ్లండ్ రాజుగారి జైలు చూసొచ్చినవాళ్ళు పద్నాలుగు మంది ఉన్నారు. మన సొంత ప్రభుత్వం శిక్ష వేసింది మాత్రం నాకే మొదట. నాకూ, పక్కింటి బార్ట్లీ ఫహర్టీగాడికీ. వాడి పేరు నా పేరు పక్కన రాయాల్సి రావడం ఒక్కటే ఇందులో లోటు.

ఆ రోజు నువ్వు తలనొప్పని ముసుగు తన్ని పడుకున్నావు గనక జరిగింది చెబుతాను. కోర్టు బళ్ళో పెట్టారు. జడ్జి మన దర్జీ హెషన్. మెడలో టేపు తీయకుండానే కుర్చీలో కూర్చున్నాడు. నేను లేచి, "అయ్యా, మా నాన్న పోతూ పోతూ నా చెయ్యి పట్టుకుని 'గోడ జాగ్రత్తరా ఫెస్టీ' అన్నాడు. ఆ గోడకు అవతల ఉండేది ఈ ఫహర్టీ. మొన్న గురువారం పంటి నొప్పొచ్చి సంత నుంచి పెందరాళే ఇంటికొస్తే, పట్టపగలు గోడకు గండి! తీసిన రాళ్ళు గడ్డిలో వరసగా పరిచి ఉన్నాయి, నాచు పట్టిన ముఖం పైకి పెట్టి మరీ. పెళ్ళివిందుకు పళ్ళేలు సర్దినట్టు! ఎంత పొగరండీ వీడికి?" అన్నాను.

"గండి మూడడుగుల రెండంగుళాలు" అని హెషన్ టేపు చూపించి చదివాడు. "నువ్వే తీశావా బార్ట్లీ?" అని అడిగాడు. వాడు టోపీ నలుపుకుంటూ నేల చూసి, "తీశాననీ అనను, తీయలేదనీ అనను" అన్నాడు. అప్పుడు నాకు కాస్త కోపం వచ్చింది. కాస్తే. సిరాబుడ్డి నా చేతిలోంచి జారి, గది దాటి వెళ్ళి, హెషన్ కొత్త కోటు మీద పడింది. నన్ను ఆపబోయి బార్ట్లీ బెంచీ విరగ్గొట్టాడు. కోర్టు ధిక్కారం కింద ఇద్దరికీ ఇరవై మూడో తారీఖు దాకా శిక్ష పడింది. రిపబ్లిక్‌కు ఇంకా జైలు లేదు గనక ఈ దీవి మీద దింపి, పారిపోబోమని ప్రమాణం చేయించుకుని వెళ్ళిపోయారు.

ఇక్కడ ఒక గుడిసె, ఒక నీటి ఊట, ఒక కుండ, పదకొండు గొర్రెలు, ఒక ఫహర్టీ ఉన్నాయి. మాక్‌డారా పీతబుట్టలు తీయడానికి మూడు రోజులకోసారి పడవ మీద వస్తాడు. ఉత్తరాలు అతని చేతికే ఇవ్వు. దుంపచేనుకు మైలుతుత్తం కొట్టించు. గండి పూడ్చావో లేదో రాయి.

నీ తమ్ముడు,
ఫెస్టీ మల్కెరిన్
రిపబ్లిక్ ఖైదీ, నంబర్ 1

(వాడు నంబర్ 2. పుల్లలు లాగి తేల్చుకున్నాం.)


కిల్‌బ్రాక్
జూలై 5, సోమవారం

ఒరేయ్ నంబర్ ఒకటీ,

నీ ఉత్తరం మాక్‌డారా భార్య నాకంటే ముందు చదివింది. ఊరంతా తర్వాత చదివింది. హెషన్ కోటుకు పట్టిన సిరా పోవడం లేదు. పాలతో నానబెట్టమని నేనే చెప్పి వచ్చాను. సిగ్గుతో తల ఎత్తుకోలేకపోయాను, ఎత్తకపోవడమే మంచిదైంది, ఎత్తితే కోటు కనిపించేది.

రెండు సోడా రొట్టెలు పంపుతున్నాను. రెండూ నీకే అనుకోకు. పక్కవాడు పస్తుంటే నువ్వు రొట్టె నమిలావని తెలిస్తే రిపబ్లిక్‌కు ఎంత అప్రతిష్ఠ! అతని దగ్గు ఎలా ఉంది? నాకేం కాదనుకో, అక్కడ ఏదైనా అయితే నీ మీదికే వస్తుంది. మేజోళ్ళు రెండు జతలు అల్లాను. ఒక జత కొలత తప్పి పొడుగ్గా వచ్చింది. నీకు పట్టకపోతే పక్కనున్నవాళ్ళకు ఇచ్చెయ్. గొర్రెలు కాకుండా పక్కన ఇంకెవరున్నారో నువ్వే చూసుకో.

ఇంట్లో చడీచప్పుడూ లేదు. గోడకు అవతలి ఇంట్లోనూ లేదు. పొయ్యి దగ్గర కూర్చుంటే పాత సంగతులన్నీ గుర్తొస్తున్నాయి. వచ్చే నెలకు నాకు నలభై నాలుగు నిండుతాయి ఫెస్టీ. "వాడికి ఒక తోడు దొరికేదాకా వాణ్ణి వదలకే" అని అమ్మ నా దగ్గర మాట తీసుకుని ఇరవై ఏళ్ళయింది. ఇరవై ఏళ్ళుగా నీకు దుంపలు ఉడకబెడుతున్నాను. ఎవరైనా దొరుకుతారేమోనని చూస్తుంటే, చివరికి నీకు దొరికిన తోడు బార్ట్లీ ఫహర్టీ.

గండి పూడ్చాను.

అక్క,
సబీనా


గొర్రెల దీవి, ఉత్తర భాగం
జూలై 8, గురువారం

తెలివిగల అక్కకు,

నీ ఎత్తు నాకు అర్థమైందిలే! శత్రువుకు రొట్టె పెట్టి సిగ్గుతో చంపాలని కదూ? బ్రహ్మాండంగా పనిచేసింది. సగం రొట్టె వాడి చేతిలో పెట్టి "మా అక్క పంపింది, తిను" అన్నాను. వాడి ముఖం ఎర్రగా కందిపోయింది. కాసేపు దాని వంకే చూసి, ఒక ముక్క తిని, మిగతాది చొక్కా జేబులో దాచుకున్నాడు. మింగుడు పడలేదు పాపం. దగ్గు బాగా ఎక్కువైందని నీకు సంతోషంతో తెలియజేస్తున్నాను. మేజోళ్ళు రెండు జతలూ ఒకదాని మీద ఒకటి నేనే వేసుకున్నాను. పొడుగుది రెండు మడతలు పెడితే సరిపోయింది.

పైన "ఉత్తర భాగం" అని చూశావుగా. దీవిని పంచుకున్నాం. ఊట దగ్గర కుండ ముందు ఎవరు ముంచాలన్న దాని మీద మాటా మాటా పెరిగి, నడుమ గోడ కట్టేశాం. దీవి సన్నబడిన చోట, నడుం ఎత్తున, నలభై అడుగుల పొడవున, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు. నాలుగు రోజులు పట్టింది. నా సగం చూస్తే నాన్న మెచ్చుకునేవాడు. వాడిది ఎడమ చేతివాటం, వాడి సగం తాగినవాడిలా వంకర్లు పోయింది. గుడిసె మధ్యలోంచి వెళ్ళడంతో పొయ్యి నా వైపు వచ్చింది, తలుపు వాడి వైపు పోయింది. నిప్పు కావాలంటే వాడు నన్ను అడగాలి, బయటికి వెళ్ళాలంటే నేను వాణ్ణి అడగాలి. "దయచేసి" అనే మాట రోజుకు ఇరవైసార్లు వాడుతున్నాం. పుట్టి బుద్ధెరిగాక ఇంత మర్యాదగా ఎప్పుడూ బతకలేదు. గొర్రెలకు మాత్రం సరిహద్దు అర్థం కావడం లేదు.

మన గోడ నిలిచే ఉంటుందనుకుంటాను. దొంగ ఇక్కడ ఉంటే గండి అక్కడ ఎలా పడుతుంది? అదే సాక్ష్యం.

ఇట్లు,
నంబర్ 1


కిల్‌బ్రాక్
జూలై 11, ఆదివారం

ఒరేయ్ మొద్దూ,

మనిషి దగ్గుతుంటే సంతోషం ఏమిట్రా? పూజ నుంచి వస్తూ నీ ఉత్తరం చదివి, మళ్ళీ వెనక్కి వెళ్ళి నీ కోసం కొవ్వొత్తి వెలిగించాను. ఆ మేజోళ్ళు విప్పు. నీ పాదాలు అమ్మ పాదాల్లా చిన్నవి. వేసవిలో రెండు జతలు ఎవడైనా వేసుకుంటాడా?

బాతుకొవ్వు ఒక గిన్నెడు పంపుతున్నాను. రాత్రి ఛాతీకి పట్టించి పైన కాగితం చుట్టుకుంటే దగ్గు తగ్గుతుంది. నీకు దగ్గు లేదు గనక వృథా చేయకు. అర్థమైందా? అర్థం కాకపోతే మళ్ళీ మొదటి నుంచి చదువు.

ఇంకొక సంగతి. మాక్‌డారా భార్య చూసింది, ఎలాగూ నీకు మోస్తుంది గనక నేనే చెబుతున్నాను. గోడకు మళ్ళీ గండి పడింది. అదే చోట. గాలి అనుకుంటాను. ఈ వారం గాలి గట్టిగానే వీచింది.

ఫహర్టీ వాళ్ళ ఆవు డ్రిమన్ కులాసాగా ఉంది. ఎవరో వేళకు పాలు పితుకుతున్నారట. ఈ మాట అతని చెవిన వెయ్యి, ఆవు మీద బెంగ పెట్టుకునే రకం.

అక్క


గొర్రెల దీవి, ఉత్తర భాగం
జూలై 14, బుధవారం

అక్కా,

గాలా? రాళ్ళను ఎత్తి, వరసగా పరిచి, నాచు ముఖం పైకి తిప్పిపెట్టే గాలి ఏ దేశంలో ఉంది? రాళ్ళు ఎలా ఉన్నాయో మాక్‌డారాను నిలదీసి అడిగాను. అలాగే ఉన్నాయన్నాడు.

రెండు రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాను. దొంగేమో ఇక్కడ ఉన్నాడు. గండేమో అక్కడ పడింది. అంటే ఇది పైనుంచి వచ్చిన పని. ఇంగ్లండ్ పని అక్కా! రిపబ్లిక్ తొలి ఖైదీ మీద కక్షగట్టి ఠాణావాళ్ళు అతని గోడ కూలుస్తున్నారు. ఈ మేరకు మన ప్రభుత్వానికి ఫిర్యాదు రాసి హెషన్‌కు పంపాను. గోడకు సాయుధ కాపలా కావాలన్నాను.

ఫిర్యాదు పైకి చదువుతుంటే బార్ట్లీ ముఖం పాలిపోయింది. "వద్దు ఫెస్టీ, నీకు దణ్ణం పెడతాను, పంపకు" అని గోడ మీదుగా నా చెయ్యి పట్టుకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు! వీడు ఠాణావాళ్ళ మనిషి అయినా కావచ్చు. ఓ కంట కనిపెడుతున్నాను.

బాతుకొవ్వు అందింది. దుంపలు వేయించుకున్నాం. అమృతం! వేయించింది వాడే, ఆ పని మాత్రం వాడికి బాగా వచ్చు. పొయ్యి దాకా రావడానికి రోజుకు రెండు గంటలు అనుమతి ఇచ్చాను. మనిషి చెడ్డవాడు గానీ, ఉప్పు ఎంత వెయ్యాలో తెలిసినవాడు. ఆవు సంగతి చెబితే సముద్రం వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. ఆవు కోసం ఏడ్చే మగవాణ్ణి మొదటిసారి చూశాను.

నంబర్ 1


కిల్‌బ్రాక్
జూలై 17, శనివారం

ఓ రిపబ్లిక్ తొలి మూర్ఖుడా,

దగ్గుకు పంపిన కొవ్వుతో దుంపలు వేయించుకున్నారా!

నీ ఫిర్యాదు ఫలితం విను. గోడ దగ్గర మన ప్రభుత్వం పంపిన ఇద్దరు వాలంటీర్లు కాపలా కాస్తున్నారు. ఇద్దరికీ కలిపి ఒక తుపాకీ. తూటాలు రావాలట. ఈలోగా నా మజ్జిగ తాగుతున్నారు. కాపలా వల్ల గోడ దాటే దారి లేక, డ్రిమన్ పొదుగు నిండిపోయి ఊరు అదిరేలా అరిచింది. చివరికి పాలు పితకడానికి చెంబు పట్టుకుని చర్చి దారమ్మట చుట్టూ తిరిగి వెళ్ళాల్సి వచ్చింది. మైలున్నర. ప్రతి కిటికీలోనూ ఒక తల. ఆ ఆవుకు నేనెందుకు పాలు పితకాలంటావా? నోరులేని జీవం గనక. ఇక అడక్కు.

గోడ దగ్గర తుపాకీ ఏమిటని నిన్న ఠాణా నుంచి సార్జంట్ వచ్చాడు. కాపలావాళ్ళు నా గడ్డివాములో దూరారు. "నీ తమ్ముడేడమ్మా?" అని అడిగితే, "సముద్రపు గాలి కోసం వెళ్ళాడండీ" అన్నాను. కానీ మాక్‌డారా భార్య నోరు ఊరుకుంటుందా? సోమవారం నాడు మిమ్మల్ని విడిపించడానికి సర్కారు పడవలో వస్తారట. రాజుగారి ప్రజలను దుర్మార్గుల చెర నుంచి కాపాడామని పేపర్లో వేయిస్తారట.

వస్తే గొడవ పడకు. వాళ్ళ దగ్గర ఉన్న తుపాకులకు తూటాలు కూడా ఉంటాయి. మీ ఇద్దరిలో ఎవరికి ఏమైనా నేను తట్టుకోలేను. ఇద్దరిలో అని రాశాను, కొట్టేయడం లేదు.

సబీనా


గొర్రెల దీవి
జూలై 20, మంగళవారం

అక్కా,

ముందు గెలుపు సంగతి, తర్వాత అసలు సంగతి.

నిన్న మధ్యాహ్నం సార్జంటూ నలుగురు పోలీసులూ పడవలో వచ్చారు. ఒడ్డుకు ఇంకా యాభై గజాలుండగానే సార్జంట్ లేచి నిలబడి, "భయపడకండి! మిమ్మల్ని విడిపించడానికి వచ్చాం!" అని అరిచాడు.

"ఇంకా నాలుగు రోజులుంది, అప్పుడు రండి!" అన్నాను.

"మీరిప్పుడు స్వేచ్ఛాజీవులు!"

"ఎవడ్రా స్వేచ్ఛాజీవి? మర్యాదగా మాట్లాడు! మేం రిపబ్లిక్ ఖైదీలం! మమ్మల్ని విడిపించడానికి నువ్వెవడివి? కాగితం ఏదీ?"

సార్జంట్ తన మనుషుల వంక చూశాడు. "వీళ్ళకు ఎండ దెబ్బ తగిలింది, పోనివ్వండి పడవ" అన్నాడు. అప్పుడు బార్ట్లీ మొదటి రాయి విసిరాడు. ఎడమ చేత్తో. పడవకు గజం దూరంలో పడి సార్జంట్ నిలువునా తడిశాడు. తర్వాత ఇద్దరం మొదలుపెట్టాం. రాళ్ళెక్కడివంటావా? నలభై అడుగుల గోడ సిద్ధంగా ఉందిగా! నేను తీసి పెట్టడం, వాడు విసరడం. "ఇదేం న్యాయం, మిమ్మల్ని కాపాడదామనే కదా!" అంటూ సార్జంట్ పడవ వెనక్కి తిప్పించాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వాళ్ళ భోజనం డబ్బా మాత్రం నీళ్ళలో పడింది, తర్వాత మా ఒడ్డుకే కొట్టుకొచ్చింది. పంది మాంసం కొంచెం ఉప్పెక్కువ.

ఇక అసలు సంగతి. ఒక పోలీసు తుపాకీ ఎత్తి, మళ్ళీ దించాడు. అలాంటి గడియలో కూడా నేను గోడ రాళ్ళు తీసి గడ్డిలో వరసగా, నాచు ముఖం పైకి పెడుతున్నానట. చేతి అలవాటు, నాకు తెలియనేలేదు. బార్ట్లీ అది చూసి పగలబడి నవ్వి, "మీ ఇంటి బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు! మీ అక్కా ఇంతే, కొంప మునుగుతున్నా వరస తప్పదు!" అన్నాడు.

అని నోరు మూసుకున్నాడు. అప్పటి నుంచీ మూసుకునే ఉన్నాడు.

ఒడ్డున కూర్చుని ఆలోచించాను. వాడు రాళ్ళు తెస్తే కుప్పగా పారేస్తాడు, ఈ గోడ కట్టేటప్పుడు కళ్ళారా చూశాను. మళ్ళీ పేర్చేటప్పుడు ఏ ముఖం బయటికి ఉండాలో తెలియడానికి నాచు ముఖం పైకి పెట్టడం నాన్న నేర్పింది మనిద్దరికే. ఆ పొడుగు మేజోళ్ళు విప్పి వాడి ముందు పెట్టాను. తొడుక్కున్నాడు. అతికినట్టు సరిపోయాయి.

ఒక్కటే అడుగుతున్నాను. గండి తీసింది నువ్వేనా?

ఫెస్టీ


కిల్‌బ్రాక్
జూలై 22, గురువారం

ఫెస్టీ,

నేనే.

ఆరేళ్ళుగా నేనే. ప్రతి గురువారం నువ్వు సంతకు వెళ్ళగానే గండి తీసి అవతలికి వెళ్ళేదాన్ని. ఒక రొట్టె, ఒక కప్పు టీ, నాలుగు మాటలు. నువ్వొచ్చే వేళకు ఇవతలికి వచ్చి మళ్ళీ పేర్చేసేదాన్ని. ఏ రాయి ఎక్కడిదో నాకు కంఠతా వచ్చు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఎవరికీ తెలియదనుకున్నాను. ఆ గురువారం నీ పన్ను అంతా చెడగొట్టింది.

కోర్టు రోజు నాకు తలనొప్పి లేదు, ధైర్యం లేదు. నా పేరు ఊరి నోట్లో పడుతుందని బార్ట్లీ తల వంచుకుని శిక్షకు వెళ్ళాడు. అతను నన్ను ఆరేళ్ళలో మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ, అమ్మకు మాటిచ్చాను, మా ఫెస్టీకి దుంపలు ఎవరు ఉడకబెడతారు అన్నాను. నాలుగోసారి అడగడానికి భయపడుతున్నాడు. కాదనడానికి నేనూ భయపడుతున్నాను.

నువ్వు కోర్టులో నాన్న మాట ఎత్తావు. నాన్న "గోడ జాగ్రత్త" అన్నాడు, నిజమే. గండి తీయవద్దని ఎప్పుడైనా అన్నాడా? గండి ఎలా తీయాలో మన చేతులు పట్టుకుని నేర్పిందే ఆయన. దాటకూడని గోడ అయితే ఆ విద్య మనకెందుకు నేర్పుతాడు?

మాక్‌డారాను బతిమాలి ఈ ఉత్తరం ఇవాళే పంపుతున్నాను. పొద్దున కాపలావాళ్ళను ఇంటికి పంపేశాను. గండి తీసి పెట్టాను. ఇక నేను పేర్చను. రేపు వచ్చి నువ్వే పేర్చుకుంటే పేర్చుకో, కానీ ముందు నేను ఏ వైపున ఉన్నానో చూసి పేర్చు. నీ మీద నాకు కోపం లేదు. నువ్వంటే ప్రాణం. అతనన్నా అంతే. ఇది రాయడానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

సబీనా


గొర్రెల దీవి
జూలై 23, శుక్రవారం ఉదయం

అక్కా,

మాక్‌డారా మమ్మల్ని సాయంత్రం తీసుకొస్తాడు. ఈ ఉత్తరం ముందు పంపుతున్నాను, ఎందుకంటే నీ ఎదురుగా నిలబడితే నా నోట ఈ మాటలు రావు, సిరాబుడ్డి లాంటిదేదో చేతికొస్తుంది.

నిన్న నీ ఉత్తరం చదివి, శిక్ష పొడిగించమని హెషన్‌కు అర్జీ రాశాను. మనుషులు మోసగాళ్ళు, గొర్రెలే మేలనుకున్నాను. తర్వాత అర్జీ పొయ్యిలో వేశాను. ఆ పొయ్యి మీద దుంపలు ఉడుకుతున్నాయి. ఉడకబెట్టింది బార్ట్లీ. మూడు వారాలుగా వాడు వండుతున్నాడు, నేను తింటున్నాను, ఇద్దరిలో ఎవరం ఆ మాట పైకి అనలేదు. అమ్మకు నువ్విచ్చిన మాట చెల్లిపోయిందే అక్కా. నాకు తోడు దొరికింది. దగ్గు తోడు, వంకర గోడల తోడు, అయినా తోడే.

పొద్దున వాణ్ణి అడిగాను. "నాలుగోసారి ఎప్పుడు అడుగుతావు?" అన్నాను. "నీ గోడ..." అని నసిగాడు. "నా గోడ సముద్రంలో ఉంది, నీ చేత్తో నువ్వే విసిరావు" అన్నాను. ఇద్దరం నవ్వాం. తర్వాత నాకు ఏడుపొచ్చింది. పొగ అని చెప్పాను. నమ్మాడు, లేదా నమ్మినట్టు ఉన్నాడు. బావ అయ్యేవాడికి ఆ మాత్రం ఉండాలిగా.

ఇక గండి విషయం. మూడడుగుల రెండంగుళాలు ఆవుకూ నీకూ సరిపోతుందేమో గానీ, నాకు చాలదు. రోజుకు రెండు పూటలు అటు భోజనానికి రావాలి, నా కుర్చీ తెచ్చుకోవాలి. ఇంకో రెండడుగులు తీసి ఉంచు. రాళ్ళు మాత్రం వరసగా పరచు, నాచు ముఖం పైకి పెట్టు. మళ్ళీ పేర్చడానికి కాదు. పైనుంచి నాన్న చూస్తుంటాడు.

నీ తమ్ముడు,
ఫెస్టీ
శిక్ష పూర్తయిన ఖైదీ